లేటువేట బాబాయి

అమెరికా తెలుగువాడికి యాభై దాటాక చేతులు ఊరుకోవు. ఇంటి అప్పు తీరిపోతుంది. పిల్లలు కాలేజీ హాస్టళ్ళకి వెళ్ళిపోతారు. ఆఫీసులో తన పనల్లా మీటింగుల్లో తల ఊపడమేనని తెలిసిపోతుంది. అప్పుడు కొందరు మారథాన్లు పరిగెడతారు, కొందరు అన్నమయ్య కీర్తనలు పడతారు, ఇంకొందరు సోఫాలో కూర్చునే రెండు తెలుగు రాష్ట్రాల రాజకీయాలనూ చక్కబెడతారు. విస్కాన్సిన్ లాంటి చోట్ల ఈ మధ్య ఇంకో రకం తేలింది. వీళ్ళు జింకల వేటకి దిగారు.

అక్కడివాళ్ళకి వేట తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పన్నెండేళ్ళ పిల్లాడికి దిగే విద్య. మనవాడికి తాత దగ్గర్నుంచి దిగింది షుగరొక్కటే. అయినా దిగాడు. ఊరి తెలుగు సంఘంలో అందరూ ఇతన్ని బాబాయి అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం.

బాబాయి వేటకథ అడవిలో మొదలవలేదు, చిక్కుడు పాదు దగ్గర మొదలైంది. తెనాలి నుంచి పంచెల మడతల్లో దాచి తెచ్చిన గింజలు అవి. మే నెలాఖరుకి మంచు భయం పోయాక నాటి, జూలైకి పందిరెక్కించాడు. ఒక పొద్దున లేచి చూస్తే పందిరి మాత్రమే ఉంది. బెండ మొక్కలకి తలల్లేవు. గోంగూర మడి గడ్డం గీసినంత నున్నగా ఉంది. బాబాయి ఊరుకుంటాడా? సబ్బుబిళ్ళలు వేలాడదీశాడు. మంగలిషాపు నుంచి జుట్టు తెచ్చి చల్లాడు. గుంటూరు కారం నీళ్ళలో కలిపి పిచికారీ చేశాడు. జింకలు వారం రోజులు ఆగి, కారం అలవాటు చేసుకుని తిరిగొచ్చాయి. కంచె కడదామంటే ఈ తెల్లతోక జింక ఎనిమిదడుగులైనా ఎగిరి దూకుతుందట. అంతెత్తు కంచెకి కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు. ఆ నవంబరులోనే ఒక సాయంత్రం ఓ మగజింక ఆడజింక వెంటపడి, ఒళ్ళు తెలియకుండా వచ్చి కారుకి గుద్దుకుంది. జింకకి ఏమీ కాలేదు. కారుకి అయింది. ఆఫీసులో పక్కసీటు తెల్లాయన, నాలుగు తరాల వేటగాడు, అంతా విని ఒకటే మాటన్నాడు: "వచ్చే సీజనుకి మా పొలానికి రా."

ఇక్కడే మనవాడి అసలు రంగు బయటపడుతుంది. తుపాకి పట్టేముందు సిలబస్ పట్టాలి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, వేట శిక్షణ తరగతి పాసైతేనే లైసెన్సు. అంతకుముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదు. బాబాయి పుట్టింది 1972 శ్రావణంలో. కానీ ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు, రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే రిటైర్మెంటుకి ఓ ఏడాది కలిసొస్తుందని, 1973 జూలై 1 అని రాసేశారు. ఆ గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. ఆ ఏడాది మాత్రం సముద్రాలు దాటి వచ్చి విస్కాన్సిన్‌లో పట్టుకుంది. పన్నెండేళ్ళ పిల్లల మధ్య చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, తుపాకి మూతి ఎటు తిప్పాలో, కంచె దాటేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నాడు. నూటికి నూరు వచ్చాయి. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ అడక్కుండానే చెబుతాడు.

ఇక చట్టమంతా కంఠస్థం. పాట్‌లక్కులో పెరుగన్నం దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళని ఆపి, హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరమనీ, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉందనీ వివరిస్తాడు. వాళ్ళు గ్రీన్‌కార్డు గురించి ఏమన్నా చెబుతాడేమో అని వింటారు. పెరుగన్నం వైపు నుంచి ఎవరైనా "పాపం కదండీ" అన్నారా, దొరికిపోయారే. 1900 నాటికి అమెరికాలో ఈ జింకలు ఐదు లక్షలకి పడిపోయాయి, ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయి. తినాల్సిన తోడేళ్ళని మనిషే ముందు తినేశాడు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళ మీదా తూటాల మీదా పదకొండు శాతం పన్ను వన్యప్రాణులకే పోతుంది. "అంటే నేను పేల్చే ప్రతి తూటాలో పదకొండో వంతు అడవికే," అంటాడు. లెక్క తప్పు. తూటా పేలితే కదా అని పిన్ని అంటుంది.

పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడ వేటకి వ్యతిరేకం కాదు, వేట సామానుకి వ్యతిరేకం. బాబాయి .308 రైఫిలు కొనాలా 6.5 క్రీడ్‌మూర్ కొనాలా అని ఎక్సెల్ షీటు వేసినన్నాళ్ళూ ఊరుకుంది. జింకలకి నారింజా ఆకుపచ్చా తేడా తెలియదనీ, నీలం మాత్రం బాగా కనిపిస్తుందనీ, మన సర్ఫుల్లో ఉండే మెరుపుమందు వాటి కళ్ళకి దీపం పెట్టినట్టుంటుందనీ చదివి, బట్టలు వేరే సబ్బుతో ఉతకమంటే ఉతికింది. నడుం పైన సగమైనా కాషాయమో గులాబీయో కొట్టొచ్చే రంగు ఉండాలని చట్టం. 2016 నుంచి గులాబీకి కూడా పర్మిషను ఇచ్చారు. గులాబీ తీసుకోండి, మీ రంగుకి నప్పుతుంది అని సలహా కూడా ఇచ్చింది. కానీ వాసన దగ్గర చెడింది. జింక ముక్కు ఎంత చురుకో చదివిన రోజు నుంచి బాబాయి ఇంట్లో పోపు నిషేధించాడు. అక్టోబరు పదిహేను నుంచి ఇంగువ లేదు, వెల్లుల్లి లేదు, సాంబ్రాణి లేదు. వేటబట్టలు గరాజులో మూతపెట్టె లోపల, ఎండుటాకుల మధ్య. మూడోరోజు చప్పిడి పప్పు తిన్నాక పిన్ని పురాణాలు విప్పింది. "జింక వెంట పోయి బాగుపడ్డవాడెవడండీ? రాముడు పోయాడు, సీతమ్మ పోయింది. పాండురాజు కొట్టాడు, శాపం తగిలి పోయాడు. దుష్యంతుడు పోయాడు, పెళ్ళి చేసుకుని పెళ్ళాన్నే మర్చిపోయాడు."

బాబాయి దగ్గర జవాబుంది: తిన్నడు. వేటగాడే కన్నప్ప అయ్యాడు, కాళహస్తిలో చూడు. "ఆయన కళ్ళిచ్చాడు, మీరు ఇంగువ మానమన్నారు," అంది పిన్ని.

తెనాలి నుంచి అమ్మ ఫోను వేరు. "ఒరే నాయనా, సల్మాన్‌ఖానుని ఇరవై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిప్పార్రా." 1998 నాటి వేటకి 2018లో శిక్షపడిన ఆ కేసు మన ఊళ్ళలో ఎంత లోతుకి దిగిందో సుప్రీంకోర్టుకి కూడా తెలిసుండదు. ఇది అమెరికా అమ్మా, ఇక్కడ లైసెన్సు ఇచ్చి మరీ కొట్టమంటారు అంటే ఆవిడకి ఎక్కదు. ఎక్కకపోవడమూ న్యాయమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర జింకని ముట్టుకుంటే జైలు. పైగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది మచ్చల జింక. విడిపోయాక రెండు రాష్ట్రాలూ గొడవపడకుండా పంచుకున్న వస్తువు నాకు ఇదొక్కటే కనిపిస్తుంది.

తుపాకి సీజను థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ విస్కాన్సిన్‌లో పల్లెటూరి పెట్రోలు బంకు నుంచి చర్చి దాకా అంతా కాషాయమే. మనవాడికి మొదటిసారి అయ్యప్ప సీజను గుర్తొచ్చిందట. మొదటి ఏడాది సరిగ్గా జింక వచ్చేవేళకి తుమ్మొచ్చింది. రెండో ఏడాది వణుకు. తెల్లవాళ్ళు దాన్ని బక్ ఫీవర్ అంటారు. కొమ్ములు కనబడగానే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది, తుపాకి చివర గుండ్రాలు చుడుతుంది. బాబాయి తూటా ఒక మేపుల్ చెట్టుకి తగిలింది. సోమవారం ఆఫీసులో అందరూ "దొరికిందా?" అని అడుగుతారు, అక్కడ అది కుశలప్రశ్న. బాబాయి "ఇంకా లేదు" అంటాడు, సంబంధాలు చూస్తున్న పెళ్ళికొడుకు తండ్రి గొంతుతో.

మూడో ఏడు థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం. అప్పటికి ఎక్సెల్ షీటు మీద విరక్తి పుట్టింది. టర్కీ మిగిలిపోయింది గానీ ఆయన నోటికి దిగదు. పిన్నికి నిషేధాల మీద ఓపిక నశించి, ఇంగువ దట్టించి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి పంపింది. బాబాయి వద్దనలేదు. అదే ఆశ వదులుకున్నాడనడానికి సాక్ష్యం. చీకట్లోనే నిచ్చెనమంచె ఎక్కి, నడుముకీ చెట్టుకీ పట్టీ బిగించుకుని కూర్చున్నాడు. తొమ్మిదయింది. పదయింది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఏదైతే అదైందని చేతి తొడుగు తీసి డబ్బా మూత తెరిచాడు. చింతపండూ ఇంగువా కలిసి విస్కాన్సిన్ గాలిలోకి లేచాయి. రెండో ముద్ద నోట్లో ఉండగా ఎడమవైపు పొదల్లోంచి ఒక ఆడజింక నడుచుకుంటూ వచ్చి నిలబడింది.

ముద్ద మింగడానికి లేదు, నమలడానికి లేదు. బుగ్గలో పెట్టుకునే తుపాకి ఎత్తాడు. పసుపు చెయ్యి ట్రిగ్గరు మీద. ఆశ లేదు గనుక వణుకూ రాలేదు. ముంగాలి వెనక, గుండె ఊపిరితిత్తులు ఉండేచోట, పన్నెండేళ్ళ పిల్లలతో కలిసి బొమ్మలో గుర్తుపెట్టిన చోట. పేలింది. జింక ఒక్క గెంతు గెంతి పరిగెత్తింది. వెంటనే వెంటపడకూడదు, అరగంట ఆగాలి. ఆ అరగంట పులిహోర ముట్టుకోలేదట.

అరవై గజాల అవతల దొరికింది. ఇక్కడ ఏం జరిగిందో బాబాయి పార్టీల్లో చెప్పడు. పిన్ని చెబితే తెలిసింది. తొడుగు తీసి దాని మెడ మీద చెయ్యి పెట్టి, "క్షమించు తల్లీ" అన్నాడట. తెలుగులోనే అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఏం చెయ్యాలో తోచలేదట. తోచకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కడుపు కోసి పేగులు తీసే వీడియో పాతికసార్లు, అదీ ఒకటిన్నర వేగంలో చూశాడు. ఇప్పుడు ఫోన్లో సిగ్నలు లేదు. కత్తి పట్టుకుని, నెమలీక పట్టుకున్న మంత్రగాడి మాదిరి గాల్లో తిప్పుతుండగా తెల్లాయన వచ్చి, ఏమీ అనకుండా పది నిమిషాల్లో పని ముగించాడు. లాగేటప్పుడు మాత్రం బాబాయినే ముందు నడవమన్నాడు. మంచులో ట్రక్కు దాకా లాక్కొచ్చేసరికి యాభై మూడేళ్ళ నడుము, సర్టిఫికెట్ ప్రకారం యాభై రెండు, మాట్లాడ్డం మొదలుపెట్టింది. మర్నాడు సాయంత్రం ఐదులోపు ఆన్‌లైన్లో నమోదు చెయ్యాలి. బాబాయి ట్రక్కు ఎక్కగానే చేసేశాడు.

కొమ్ముల్లేని జింక. హాల్లో వెంకటేశ్వరస్వామి పటానికి ఎదురుగా ఖాళీ ఉంచిన గోడ ఖాళీగానే ఉంది. పిన్ని ఊపిరి పీల్చుకుంది.

కష్టాలు మాంసం కొట్టుదగ్గర మళ్ళీ మొదలయ్యాయి. జింక మాంసంలో కొవ్వు ఉండదు. సాసేజీ చెయ్యాలంటే పందికొవ్వు కలపాలా, ఆవుకొవ్వు కలపాలా అని అడిగాడు కొట్టువాడు. బాబాయి రెండు చేతులూ ఎత్తాడు. పోనీ ఎముకతో చిన్నముక్కలు కొట్టమంటే, కొట్టను పొమ్మన్నాడు. 2002లో విస్కాన్సిన్ జింకల్లో ఒక వ్యాధి బయటపడింది. మెదడుని తొలిచేసే ప్రియాన్ రోగం. ఆ ప్రియాన్ ఎంత ఉడికించినా చావదు. మనుషులకి సోకినట్టు ఇంతవరకు రుజువు లేదు గానీ, ఎముక తీసేసి తినమనీ, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమనీ సలహా. మూలుగ ఎముక లేని కూర కూడా ఒక కూరేనా అని బాబాయి బాధ. అయినా తల తీసుకెళ్ళి పరీక్షపెట్టెలో వేసి వచ్చాడు. పరీక్ష ఉచితం. ఇక ఎంసెట్ ర్యాంకు రోజుల్లోలా పొద్దునా సాయంత్రం వెబ్‌సైటు చూడటమే పని. వ్యాధి కనిపించలేదని రాగానే ఆనందం పట్టలేక స్క్రీన్‌షాటు తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, కింద ఒక్క ముక్క రాయకుండా. తెనాలి పెద్దక్కయ్య నుంచి నిమిషంలో జవాబు: "నెగెటివ్ వచ్చిందా? తిరుపతి ముడుపు కట్టాను నాయనా. ఇప్పుడు జ్వరం తగ్గిందా?"

పిన్ని షరతులు పెట్టింది: వంట గరాజులో, గిన్నె కొత్తది, కుక్కరు పాతది. కూరలోకి గోంగూర. జింకలు మేసేయగా మిగిలింది కోసి ఫ్రీజరులో దాచినదే. ఎనిమిది కూతలు వచ్చాక మూత తీశారు. ఉప్పు చూడ్డానికని పిన్ని ఒక ముక్క తీసుకుంది. ఉప్పు సరిగా తెలియలేదని ఇంకోటి తీసుకుంది.

బాబాయి మటుకు ఇప్పుడు కొత్త సిద్ధాంతం మీద ఉన్నాడు: జింక ఇంగువకి వస్తుంది. గాలి జింక వైపు నుంచి నీ వైపు వీచింది, నీ వాసన దానికి అందనే లేదు, అంతే అని తెల్లాయన కాగితం మీద బాణం గుర్తులేసి మరీ చెప్పాడు. బాబాయి వినడు. ఒకటే జింక, ఒకటే డబ్బా, ఇంతకంటే రుజువేం కావాలి అంటాడు; ఇన్నేళ్ళూ డేటాతో బతికిన మనిషి.

మరుసటి నవంబరు వచ్చింది. సీజనుకి ముందురోజు సాయంత్రం తెల్లాయన ట్రక్కు బాబాయి ఇంటి ముందు ఆగింది. బాబాయి ఇంట్లో లేడు, తూటాలు కొనడానికి వెళ్ళాడు. ఆయన గుమ్మంలోనే నిలబడి, బూట్లు కాసేపు చూసుకుని, ఆ పచ్చన్నం డబ్బా ఒకటి తనకీ కట్టిస్తారా అని పిన్నిని అడిగాడు. పిన్ని రెండు కట్టింది, ఇంగువ ఎక్కువ వేసిన దాని మూతమీద గుర్తు పెట్టి.