ఇత్తడి గుండిగ ఆత్మకథ

రాగినీ తుత్తునాగాన్నీ కలిపి కరిగించగా వచ్చే మిశ్రమ లోహం ఇత్తడి కాగా, ఆ ఇత్తడితో విందులకు సరిపడా అన్నం వండడానికి చేసే పెద్ద వంటపాత్రను తెలుగువారు గుండిగ అంటారు. తన చరిత్రను చెప్పుకొంటున్న ఈ గుండిగ శ్రీకాకుళం జిల్లా బుడితిలో, ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గ్రామంలో, ఎవరెవరి ఇళ్ళలోనో చిల్లులు పడిన చెంబులూ సొట్టలు పోయిన బిందెలూ కరిగిన లోహం నుంచి రూపుదిద్దుకొంది.

దీన్ని కొన్న కుటుంబం ముందుగా తూకం వేయించి, లోహం విలువనూ పనివారి మజూరీనీ విడివిడిగా లెక్కగట్టి, పంట డబ్బు చేతికొచ్చాకే ఇంటికి తెచ్చుకొంది. అంత ఆచితూచి కొనడానికి కారణం వైరాగ్యం కాదు, రాబడి తక్కువై ధర ఎక్కువ కావడం. అయినా తూకానికి కొన్నది మళ్ళీ తూకానికే అమ్ముడుపోతుంది గనుక, మజూరీ పోయినా లోహం విలువ మిగిలేది. అంచు మీద చెక్కించిన ఇంటిపేరు ఆస్తిని చాటుకోవడానికే అనిపించవచ్చు గాని, పెళ్ళికో సమారాధనకో అరువు వెళ్ళిన పాత్ర తప్పిపోకుండా తిరిగి రావడానికి కూడా ఆ పేరే ఆధారమయ్యేది; ఏడాదిలో రెండు మూడుసార్లు అవసరమయ్యే వస్తువు ఇంటింటా ఉండనక్కరలేదన్న లెక్క ఆ అరువులో ఇమిడి ఉంది.

చింతపండు వంటి పులుపు తగిలితే ఇత్తడి వంటకంలోకి దిగుతుంది కాబట్టి, లోపలి వైపు తగరపు పూత వేయిస్తారు. దానినే కళాయి అంటారు. కళాయివాడు పాత్రను నిప్పుల మీద కాచి, మురికిని విడగొట్టే నవాసాగరాన్ని చల్లి, 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరిగే తగరాన్ని తాకించి, గుడ్డతో లోపలంతా పులుముతాడు. ఆ పూత అరిగిపోవడం పాత్రకు చావు కాదు, మరోసారి కళాయి వేయించవలసిన సమయం మాత్రమే.

ఈ గుండిగ తన కాలాన్ని స్వర్ణయుగమని చెప్పుకోదు, ఎందుకంటే దీన్ని చింతపండుతోనూ బూడిదతోనూ తోమిన చాకిరీ అంతా ఆడవారి మీదే పడింది. క్రోమియం కలిసినందువల్ల తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు ఆ భారాన్ని తగ్గించింది, పైగా అదీ దీర్ఘకాలం మన్నేదే. చిక్కంతా, పైపూత గీతలు పడగానే ఇంటిదగ్గర బాగుచేయించుకొనే వీలులేని నాన్‌స్టిక్ పెనం వంటి వస్తువులతోనూ, తగ్గింపు ధర చూసి అవసరానికి మించి పోగేసే అలవాటుతోనూ వచ్చింది.

కనుక ఒక వస్తువును కొనేముందు అది పాడైతే బాగుచేసేవారు ఎవరు, అరువుకో అద్దెకో దొరుకుతుందా, వాడకం ముగిశాక దానిలో ఏ విలువ మిగులుతుంది అన్న మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఈ ప్రశ్నలకు జవాబు ఇంటివారి నిగ్రహంలోనే కాక ఇరుగుపొరుగు సంబంధాల్లోనూ, చేతిపనివారి బతుకుతెరువులోనూ ఉంది. కళాయివాడు రాని వీధిలో ఎంత మంచి గుండిగ అయినా అటకెక్కక తప్పదు.