గరాజు హిమాలయం (టీకా తాత్పర్య సహితం)

మూలం: "కరెంటు లేకుండా, చుక్క నీరు లేకుండా, ఏడాది పొడవునా, మీ ఇంట్లోనే అసలైన మంచు!"

ఈ వాక్యం ఏ మహాకవిదీ కాదు. ఐస్ హాకీ పిచ్చి పట్టిన పిల్లలున్న ఇళ్లకు తెల్ల ప్లాస్టిక్ పలకలు అమ్మేవాళ్లంతా అటూ ఇటూగా చెప్పే మాటల్ని పిండితే వచ్చిన సారం. కర్త అజ్ఞాతుడు, కాలం నిన్నమొన్న. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి షరతు ప్రస్తుత వ్యాఖ్యాతకూ సమ్మతమే. రెండోదానికి కట్టుబడితే పేజీ నిండదు.

అవతారిక. హాకీ అనగానే తెలుగువాడికి ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి మైదానం గుర్తొస్తాయి. కెనడాలో ఆ ఆటకు 'ఫీల్డ్ హాకీ' అని విశేషణం తగిలించాలి. ఉత్త హాకీ అంటే మంచు మీదిదే. 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో, నలుగురూ చూస్తుండగా కప్పు కింద జరిగిన ఆటను దానికి ఆద్యంగా లెక్కిస్తారు. బంతి ఎగిరి చూసేవాళ్ల మొహాన పడుతుందని ఆ రోజు చపటా చెక్కబిళ్ల వాడారు. నేటి బిళ్ల గట్టి రబ్బరుది. అడ్డం మూడంగుళాలు, మందం అంగుళం, బరువు 170 గ్రాములకు మించదు. దాన్ని 'పక్' అంటారు. మూలంలో పక్ మాటే లేదు గానీ, పలకలన్నీ దానికోసమే.

ఇక ప్రతిపదార్థం.

"కరెంటు లేకుండా" అనగా బిల్లు పెరగకుండా అని. అసలు రింకులో మంచు కింద కాంక్రీటు, కాంక్రీటులో గొట్టాలు, గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రావణం. పక్కగదిలో యంత్రాలు రేయింబవళ్లు గురకపెడుతుంటాయి. ఈ పద్ధతికి దారి వేసినవాడు జాన్ గామ్జీ. 1876లో లండన్ చెల్సీలో 'గ్లేసియేరియం' తెరిచాడు. అయితే చరిత్ర ఇక్కడ తలకిందులుగా నడిచింది. యంత్రం చేసిన మంచు కంటే ముందు పుట్టింది దొంగ మంచే. 1840లలో అదే లండన్‌లో పందికొవ్వు, రకరకాల లవణాలు కలిపి నేలకు పూసి, జనాన్ని దాని మీద స్కేటింగుకు పిలిచారు. జారడం బాగానే జారిందట గానీ కంపు భరించలేక జనం తగ్గిపోయి మూతపడింది. కనుక నేటి ప్లాస్టిక్ పలకది కొత్త వంశమేమీ కాదు. పూర్వీకుల ప్రస్తావన మాత్రం అమ్మేవాళ్లు తేరు, అర్థం చేసుకోదగినదే.

"చుక్క నీరు లేకుండా." వ్యాఖ్యాత ఇక్కడ కాసేపు కూర్చుంటాడు. వాక్యంలో అతి గొప్పగా చెప్పిన ఈ మాటే అసలు చిక్కు.

మంచు ఎందుకు జారుతుంది? దాని మీద నీరుంది కనుక. సున్నాకు దిగువన కూడా మంచు పైపొరలోని అణువులు లోపలి వాటంత గట్టిగా అతుక్కుని ఉండవని, పల్చటి ద్రవపు పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. తర్వాత చాలాకాలం పాఠ్యపుస్తకాలు మరో కథ చెప్పాయి: మనిషి బరువంతా సన్నటి అంచు మీద పడి, ఆ ఒత్తిడికి మంచు కరుగుతుందని. లెక్క వేస్తే ఆ ఒత్తిడి చాలదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు, కరిగించేది రాపిడి వేడి అని ప్రయోగం చేసి చూపారు. మొత్తానికి మంచు తన మీద నడిచేవాడికి తానే నూనె పోస్తుంది. ఎంత వేగంగా వెళితే అంత పోస్తుంది. స్పీడ్ స్కేట్లతో కొలిస్తే ఘర్షణ గుణకం 0.005 దగ్గర తేలింది. అంటే వంద కిలోల మనిషిని కదులుతూ ఉంచడానికి అర కిలో బరువంత తోపు చాలు.

ప్లాస్టిక్ పలకకు ఈ దానగుణం లేదు. ఉన్నంతలో అది మంచి కులంలోనే పుట్టింది. పేరు పాలీఇథిలీన్. మామూలు రకం వంటింట్లో కూరలు తరిగే తెల్లపలకకు సొంత అన్న. మేలురకంలో ఒక్కో గొలుసు అణువు భారం ముప్ఫై లక్షలు దాటుతుంది. 1962లో జాన్ చార్న్లీ అనే ఇంగ్లీషు సర్జన్ అరిగిన తుంటి కీలు స్థానంలో గిన్నెలా అమర్చింది ఈ మేలురకాన్నే. అంతకుముందు వాడిన టెఫ్లాన్ తొందరగా అరిగిపోయింది. ముసలివాళ్ల తుంటిలో ఏళ్ల తరబడి జారే పదార్థం, పిల్లల కాళ్ల కింద జారదా? జారుతుంది. కాకపోతే పొడి ఉక్కుతో దాని ఘర్షణ గుణకం ఇంజనీర్ల పట్టికల్లో 0.1 నుంచి 0.2 వరకు ఉంటుంది. స్కేటు అంచు ఆకారం వేరు, పలకలో కలిపే కందెనలు వేరు కనుక ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. ఆ దూరం మాత్రం మనసులో ఉంచుకోవాలి. తొలితరం పలకల మీద సిలికోన్ ద్రవం చల్లేవారు. దానికి దుమ్ము అంటి జిగటయ్యేది. ఇప్పుడు చాలామంది కందెనను ప్లాస్టిక్‌లోనే కలిపి అచ్చు పోస్తున్నారు.

ఫలితం కాళ్లకు తెలుస్తుంది. మంచు మీద ఒక తోపు తోసి రింకు సగం దాటే పిల్లవాడు, పలక మీద రెండు బారలు వెళ్లి ఆగిపోతాడు. మళ్లీ తోయాలి. పది నిమిషాలకు తొడలు మండుతాయి. అంచులు తొందరగా మొద్దుబారి, సాన పట్టించే ఖర్చు పెరుగుతుంది. ఇక నేల మీద చూస్తే, స్కేటు మలుపు తిరిగిన ప్రతిచోటా కొబ్బరికోరులాంటి తెల్లటి సన్న తురుము. అది మేజోళ్లకు అంటుకుని ఇంట్లోకొస్తుంది. రోజూ వాక్యూమ్ పెట్టకపోతే కాలవల్లోకి, చెరువుల్లోకి చేరే ప్లాస్టిక్‌లో ఈ ఇంటి వాటా కూడా కలుస్తుంది. చుక్క నీరు లేదన్న మాట నిజమే. తుడిచే మాపు బకెట్‌ను లెక్కలోంచి తీసేస్తే.

"ఏడాది పొడవునా." కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ ఊళ్లో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి వాల్టర్ గ్రెట్స్కీ ప్రతి చలికాలం పెరట్లో నీళ్లు చల్లి, గడ్డకట్టించి, కొడుకుకు రింకు తయారుచేసేవాడు. ఆ కొడుకు వేన్ గ్రెట్స్కీ ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా హాకీ లీగులో 894 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు 2025 ఏప్రిల్ దాకా నిలిచింది. వాల్టర్ రింకుకు ఖర్చు తక్కువ, మంచు మాత్రం వసంతం వచ్చే దాకే. ప్లాస్టిక్ అమ్మకందారు పట్టుకున్నది ఈ లోటునే. 2020లో కోవిడ్ వల్ల రింకులు మూతపడ్డప్పుడు గరాజుల్లో పలకలు పరుచుకున్నవాళ్లకు ఈ మాట అక్షరాలా పనికొచ్చింది.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోను తీసుకుందాం. తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న ఊరు. డల్లాస్ స్టార్స్ హాకీ జట్టు ప్రధాన కార్యాలయమూ అక్కడే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. ప్లాస్టిక్ కరగదు గానీ సాగుతుంది. మీటరు పలక పది డిగ్రీల వేడికి మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. ఇరవై అడుగుల వరుసలో, తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల తేడా ఉంటే అంగుళంలో సగం పైనే. గోడకు ఆనించి బిగించారా, నడుమ పలకలు అప్పడంలా ఉబ్బుతాయి. చుట్టూ సందు వదలాలి. ఏడాది పొడవునా మంచు ఉంటుందన్నారు గానీ, ఏడాది పొడవునా ఒకే కొలతలో ఉంటుందని ఎవరూ అనలేదు.

"మీ ఇంట్లోనే" అనగా కారు బయట పెట్టుకుని అని. ఎన్‌హెచ్‌ఎల్ రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. పన్నెండు ఇరవైల గరాజు అందులో డెబ్బయ్యో వంతు.

ఇచ్చట ఒక శంక: డెబ్బయ్యో వంతులో ఆట ఏం నేర్చుకుంటారు? సమాధానం: ఆట నేర్చుకోరు, ఆటలోని ముక్కలు నేర్చుకుంటారు. మొదటి మూడడుగుల పరుగు, ఇరుకు మలుపు, పక్‌ను కర్రకు అటూ ఇటూ ఆడించడం, మణికట్టుతో కొట్టే షాట్. గోల్‌కీపర్ అయితే మోకాళ్ల మీద వాలి పక్కకు జారడం. ఇవన్నీ వేలసార్లు చేస్తే గానీ ఒంటికి పట్టని పనులు. రింకులో అద్దె గంటలకు కడతారు, పైగా ఆ గంటలో సగం వరుసలో నిలబడడానికే పోతుంది.

మరో శంక: స్కేట్లు లేకుండానే కొన్ని చేయవచ్చు కదా? చేయవచ్చు. నోవా స్కోషియాలోని కోల్ హార్బర్‌లో సిడ్నీ క్రాస్బీ అనే కుర్రాడు ఇంటి బేస్‌మెంట్‌లో గోలు వలకు పక్‌లు కొట్టేవాడు. గురి తప్పినవి వెనకున్న బట్టలారబెట్టే యంత్రానికి తగిలేవి. నొక్కులు, నల్ల మచ్చలు పడ్డ ఆ యంత్రం ఇప్పుడు హాలిఫాక్స్‌లో, ఆ రాష్ట్ర క్రీడా మ్యూజియంలో ఉంది. షాట్ల సాధనకే అయితే స్కేటింగ్ పలకలక్కర్లేదు, చౌకగా దొరికే నున్నటి పల్చటి పలకలు చాలు. బజారులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండూ తెల్లగానే ఉంటాయి. పల్చటివాటి మీద స్కేట్లెక్కితే ఒక్క సాయంత్రంతో వాటి పని సరి.

చివరిది, కష్టమైనది: "అసలైన మంచు". ఇందులో అలంకారమేది? ప్లాస్టిక్ అన్న నిజాన్ని దాచి మంచు అంటున్నాడు కనుక అపహ్నుతి అనవచ్చు. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మమ్మ గరాజులోకి తొంగిచూసి "చెప్పులేసుకోరా నాన్నా, కాళ్లు చల్లబడతాయి" అంటే భ్రాంతిమంతం. కానీ వ్యాఖ్యాత ఓటు విభావనకే. కారణం లేకుండా కార్యం పుట్టిందని చెప్పడం విభావన. చలి లేదు, నీరు లేదు, మంచు ఉంది. ఆలంకారికులు ఇన్నాళ్లూ ఉదాహరణల కోసం పడ్డ అవస్థ చూస్తే, ఈ అజ్ఞాత కర్తకు శాలువా కప్పాలనిపిస్తుంది.

పాఠ శోధన. "అసలైన మంచు" అన్నచోట "అసలైన మంచు వంటిది" అని ఉండాలి. 'వంటిది' అచ్చులో జారిపోయింది. జారడం ఈ వస్తువు స్వభావమే కనుక దోషం పట్టనక్కర్లేదు. నిజానికి ఆ 'వంటిది'లోనే దీని విలువంతా ఉంది. పలక మీద బరువుగా తోసి తోసి అలవాటైన కాళ్లు, వారానికోసారి మంచెక్కినప్పుడు తేలికపడతాయి. మంచే అని నమ్మి కొన్నవాడు మొదటి సాయంత్రమే నిరాశపడి పలకల్ని అటకెక్కిస్తాడు.

కొనే ముందు ఒక్క పని చేయండి. గరాజు నేల మధ్యలో ఒక గోలీ పెట్టి వదలండి. వాననీళ్లు బయటికి పోవాలని గరాజులకు షట్టరు వైపు వాలు ఇస్తారు. గోలీ ఎటు పోతే రేపు పక్‌లూ అటే పోతాయి. షట్టరు మూసి ఆడమని పిల్లవాడికి చెప్పండి.