ఆడలేకా, మద్దెల ఓడా?

1860లో లండన్ దగ్గర వింబుల్డన్ మైదానంలో విక్టోరియా రాణి రైఫిల్ పోటీలు ప్రారంభించారు. దూరం 400 గజాలు. రైఫిల్‌ను ఇనప చట్రంలో బిగించి, గురి ముందే కుదిర్చి, ఓ పట్టుతాడు ఆమె చేతికిచ్చారు. రాణిగారు లాగారు. తూటా నడిబొడ్డుకు రెండంగుళాల లోపే దిగింది. జేజేలన్నీ రాణిగారికే. చట్రం బిగించిన వాళ్ల స్పానర్లకు చప్పట్లెవరు కొడతారు? తగిలితే కాల్చినవాళ్ల గొప్ప, తప్పితే యంత్రం తప్పు. ఆ ఒప్పందం నేటికీ చెక్కుచెదరలేదు.

1890లో ఆ పోటీలు సర్రే కౌంటీలోని బిస్లీకి మారాయి. అక్కడి స్టికిల్‌డౌన్ రేంజిలో 1,200 గజాల దాకా కాల్చవచ్చు. పాత పద్ధతిలో టార్గెట్ల కింద గుంటలో ఓ మనిషి ఉంటాడు. తూటా తల మీదుగా చెళ్లున పోగానే టార్గెట్‌ను కిందికి లాగి, చిల్లి వెతికి, అందులో బిళ్ల గుచ్చి, పాత చిల్లికి కాగితం అతికించి మళ్లీ పైకెత్తుతాడు. మార్కులు తగ్గితే వాడు కునుకు తీశాడని తిట్టుకోవచ్చు. కాకపోతే వాడూ తిరిగి తిడతాడు.

తిట్టని వాడి కోసమే ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాయి. అమెరికాలో, అలబామాలోని టాలడీగాలో 2015లో తెరిచిన రేంజిలో 600 గజాల దగ్గర కూడా గుంటలో దిగే పనిలేదు. ధ్వనిని మించిన వేగంతో వచ్చే తూటా ఓ ఆఘాత తరంగాన్ని పుట్టిస్తుంది. చట్రానికి బిగించిన మైకులు దాన్ని ఒకదాని తర్వాత ఒకటి వింటాయి. ఆ తేడాలను బట్టి యంత్రం లెక్కకట్టి, షూటర్ పక్కనున్న తెర మీద చుక్క పెడుతుంది. సెంటీమీటరు దూరం దాటడానికి ధ్వనికి పట్టేది సెకనులో లక్షో వంతులు మూడు. అంత సున్నితమైన చెవుల్ని మనం ఎక్కడ పెట్టాం? ఎండలో, వానలో, గాలికి ఊగే చట్రం మీద, అదీ తుపాకులన్నీ గురిపెట్టిన చోట.

వాటిని చూసుకోవడానికి చాలా రేంజిల్లో ఓ పెద్దాయన ఉంటారు. జీతం ఉండదు, బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఉంటుంది. "నేను నడిబొడ్డులో కొట్టానండీ, మీ మిషన్ మిస్ అంటోంది" అని రోజుకొకరు వస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వేసి ఊరుకుందామంటే కుదరదు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. ఎండ పది డిగ్రీలు పెరిగితే ధ్వని సెకనుకు ఆరు మీటర్లు వేగం పుంజుకుంటుంది. ఆ సంగతి యంత్రానికి సరిగా అందకపోతే అంచుల్లో తగిలిన తూటాల లెక్క చెదురుతుంది. కొత్త గురికాగితం రెండు సెంటీమీటర్లు పక్కకు అతుక్కుందా, ఆ టార్గెట్ మీద కాల్చినవాళ్లంతా ఒకే వైపు తప్పుతారు. మైకులకు చట్రమే తెలుసు, కాగితం తెలియదు.

ఒక్కోసారి మద్దెల బాగానే ఉంటుంది. వెయ్యి గజాలు వచ్చేసరికి తూటా నీరసించి ధ్వని వేగం కన్నా కిందికి జారిందంటే తరంగమే ఉండదు, తెరిచి ఉన్న చట్రంలోని మైకులకు ఏమీ వినపడదు. తప్పల్లా మందు చాలకపోవడమే. తుపాకీ మందు సంగతి చెబుతున్నాను. పక్కవాడి టార్గెట్ కాల్చినవాడూ ఇదే ఫిర్యాదు తెస్తాడు. ఆ పక్కవాడి తెర మీద మాత్రం తను కాల్చని తూటాకు చుక్క పడుతుంది. అది నడిబొడ్డులో పడితే ఆయన కిమ్మనడు.

"పదండి, వెళ్లి చిల్లి చూద్దాం" అంటాడు షూటర్. చిల్లులకు కాగితం అతికించేవాణ్ని తీసేశాం కదా, నడుమంతా చిల్లులే. పాపం, పెద్దాయన కొత్త కాగితం అంటించి, నాలుగు తూటాలు కాల్పించి, తెర మీది చుక్కలతో కొలిచి చూపిస్తారు. తేడా లేదు. "ఇప్పుడు లేదండీ, నేను కాల్చినప్పుడు ఉంది" అంటాడు షూటర్. మన పార్టీలు ఓడిన చోటల్లా ఈవీఎంల మీద అనే మాటే ఇది. గెలిచిన చోట అవి భేషుగ్గా పనిచేస్తాయి.

కిందికి జారిన తూటా కేబుల్‌ను తెంపితే, అది ఎవరిదని అడిగి చూడండి. ఆ రోజు ఎవరూ కాల్చనే లేదు. పెద్దాయన కమిటీని నాలుగు మైకులూ, ఓ చుట్ట కేబులూ అడుగుతారు. కమిటీ పెద్ద తెరలున్న కొత్త ట్యాబ్లెట్లకు ఏకగ్రీవంగా తీర్మానం చేస్తుంది. పాత తెరల మీద నడిబొడ్డు మరీ చిన్నగా కనిపిస్తోందని సభ్యుల అభిప్రాయం.