లేని పోస్టుకు రెండేళ్ల ట్రైనింగ్

వరంగల్‌లో ఎవరికైనా సర్కారు బడిలో కంప్యూటర్ పాఠం చెప్పాలని బుద్ధి పుడితే, ముందుగా చేయాల్సిన పని లెక్కల సారు కావడం. వ్యంగ్యం రాసేవాడి మాట కాబట్టి ఎగతాళి అనుకుంటారు గానీ, దారి నిజంగానే అలా ఉంది. హైస్కూల్ టీచరుకు బీఈడీ కావాలి. బీఈడీకి ఎడ్‌సెట్ రాయాలి. ర్యాంకు పట్టుకుని సీటు కోసం పోతే మెథడాలజీ ఏదని అడుగుతారు. లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్, సోషల్, ఇంగ్లిష్, ప్రాచ్య భాషలు. జాబితా అక్కడితో సరి. కాగితం తిరగేసి చూసినా వెనకాల ఏమీ ఉండదు.

అలాగని బీసీఏ చదివినవాడిని గుమ్మంలోనే ఆపేయరు. ఇంటర్‌లో లెక్కలు చదివి ఉంటే లెక్కల మెథడాలజీ ఇచ్చి లోపల కూర్చోబెడతారు. మూడేళ్లు కళ్లు కాయలు కాసేలా నేర్చుకున్న సీ, జావా, డేటాబేసులు పక్కకు జరిగి, అంతకుముందెప్పుడో ఎంపీసీలో బట్టీ పట్టిన ద్విపద సిద్ధాంతం వచ్చి ఆదుకుంటుంది. కొడుకు డిగ్రీకి ఫీజు కట్టిన తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడమే మంచిది. బీపీ ఉన్నవాళ్లుంటారు.

ఎడ్‌సెట్‌కు 150 మార్కులు. లెక్కలకు 20, సైన్సుకు 20, సోషల్‌కు 20, ఇంగ్లిష్‌కు 20, బోధనాభిరుచికి 20, జనరల్ నాలెడ్జికి 30. మిగిలిన 20 కంప్యూటర్ పరిజ్ఞానానికి. రేపు పద్యం చెప్పబోయే తెలుగు పంతులమ్మయినా, పానిపట్టు యుద్ధం చెప్పబోయే సోషల్ సారయినా ర్యామ్ అంటే ఏమిటో, ఎక్సెల్‌లో గడులు ఎలా కూడాలో చెప్పి తీరాలి. 2025లో ఈ పరీక్ష నిర్వహించింది మన కాకతీయ విశ్వవిద్యాలయమే. పరీక్ష జరిగేది కూడా కంప్యూటర్ మీదే. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని, కంప్యూటర్ గురించిన ప్రశ్నలకు మౌసుతో జవాబులు నొక్కి, కంప్యూటర్ తప్ప మిగతావన్నీ బోధించే అర్హత సంపాదిస్తారు.

సీటొచ్చాక రెండేళ్లు చదవాలి. ఒకప్పుడు ఏడాదే. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలతో 2015 నుంచి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో కాబోయే కంప్యూటర్ సారు మొదట పరిచయం చేసుకునేది జంతువులతో. గంట కొడితే చొంగ కార్చే పావ్‌లోవ్ కుక్క. పెట్టెలోంచి బయటపడటానికి నానా తంటాలు పడే థార్న్‌డైక్ పిల్లి. మీట నొక్కి తిండి తెచ్చుకునే స్కిన్నర్ ఎలుక. కర్రకు కర్ర అతికించి అరటిపండు లాక్కునే కోహ్లెర్ చింపాంజీ. దాని పేరు సుల్తాను, అది ఖాయంగా పరీక్షలో వస్తుంది. వీటి గురించి చదవడం తప్పని నేననను. పిల్లలు ఎలా నేర్చుకుంటారో టీచరుకు తెలియాలి. కాకపోతే రెండేళ్ల తర్వాత మనవాడికి సుల్తాను వంశవృక్షం నోటికొస్తుంది గానీ, ఎనిమిదో తరగతి పిల్లకు లూపు అంటే ఏమిటో ఎలా చెప్పాలన్నది ఏ పేపర్లోనూ తగలదు. ఐసీటీ అని ఒక పేపరుంది. అది కంప్యూటర్ వాడి పాఠం చెప్పడం గురించి. కంప్యూటర్ పాఠం చెప్పడం గురించి కాదు.

సూక్ష్మ బోధన అని మరో ఘట్టం ఉంది. ఆరు నిమిషాలు చెప్పాలి, ఆరు నిమిషాలు చీవాట్లు తినాలి, పన్నెండు నిమిషాలు మళ్లీ ప్రణాళిక వేసుకోవాలి, ఆరు నిమిషాలు మళ్లీ చెప్పాలి, ఇంకో ఆరు నిమిషాలు మళ్లీ తినాలి. మొత్తం 36 నిమిషాలు. గడ్డాలూ మీసాలూ ఉన్న తోటి విద్యార్థులు నలుగురైదుగురు బెంచీల మీద ఎనిమిదో తరగతి పిల్లల్లా ఒదిగి కూర్చుంటారు. వాళ్లలో ఒకాయనకు ఎనిమిదో తరగతి చదివే కూతురుండొచ్చు. మన బీసీఏ కుర్రాడు ఒక్క చూపులో కనిపెడతాడు: ఇది అచ్చంగా లూపే, తప్పు పోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ ముక్క పైకంటే, ‘నీ మెథడాలజీ లెక్కలు కదా బాబూ, పైథాగరస్ చెప్పు’ అంటారు. చెబుతాడు.

ఇంటర్న్‌షిప్‌కు బడికి పంపుతారు. హన్మకొండలోనో కాజీపేటలోనో ఏదో ఒక హైస్కూలు అనుకోండి. టీఎల్‌ఎం మేళా వస్తుంది, అంటే బోధనోపకరణాల ప్రదర్శన. కంప్యూటర్ చదివినవాడివి కదా అని మనవాడికి కంప్యూటర్ నమూనా అప్పగిస్తారు. నయీంనగర్‌లో థర్మకోల్ షీట్లు కొంటాడు. రాత్రంతా కూర్చుని మానిటర్ కోస్తాడు. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో కీబోర్డు గీస్తాడు. ఎల్ పక్కన ఎమ్ రాసి, కాదని గుర్తొచ్చి కొట్టేస్తాడు. ఊలు దారంతో మౌసు తోక అతికిస్తాడు. పక్క గదిలోనే అసలు కంప్యూటర్లున్నాయి. గదికి తాళం ఉంది. తాళం చెవి హెడ్మాస్టరు దగ్గరుంది. హెడ్మాస్టరు మీటింగులో ఉన్నారు. అటెండరు మాత్రం ఉన్నమాట చెబుతాడు: ‘తీసినా ఏం లాభం సారూ, వైర్లన్నీ ఎలుకలు కొరికినయ్.’ స్కిన్నర్ ఎలుకకైతే తిండి కోసం మీట నొక్కే శ్రమ ఉండేది. మన ల్యాబులో ఎలుకకు అదీ లేదు, వైరే తిండి.

మేళాలో థర్మకోల్ కంప్యూటర్‌కు రెండో బహుమతి వస్తుంది. మొదటి బహుమతి థర్మకోల్ గుండెకు పోతుంది, దాంట్లో ఎర్ర బల్బులు వెలుగుతాయి మరి.

బీఈడీ పట్టా చేతికొచ్చాక టెట్ రాయాలి. మ్యాథ్స్, సైన్స్ పేపర్లో సబ్జెక్టుకు 60 మార్కులు. సైన్సంటే జీవశాస్త్రం కూడా. కాబట్టి కంప్యూటర్ పాఠం చెప్పాలనుకున్న మనిషి, లెక్కల సారు కావడానికి, పుష్పంలో కేసరాలూ అండాశయం ఎక్కడుంటాయో నేర్చుకుంటాడు. నయీంనగర్, కిషన్‌పుర కోచింగ్ సెంటర్లు నేర్పుతాయి. విశ్వవిద్యాలయం లైబ్రరీలో పొద్దున్నే పోయి సీటు పట్టుకుంటే తోటివాళ్లే నేర్పుతారు. ఈ ఊళ్లో చదివేవాళ్లకు ఎన్నడూ కొదవ లేదు.

ఇక డీఎస్సీ. 2024 ఫిబ్రవరి 29న తెలంగాణలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 2,629 స్కూల్ అసిస్టెంట్లు, 6,508 ఎస్జీటీలు, 727 భాషా పండితులు, 182 పీఈటీలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. ఏళ్ల తర్వాత వచ్చిన నోటిఫికేషన్, సంతోషించాల్సిందే. ఆ పొడుగాటి జాబితాలో స్కూల్ అసిస్టెంట్ కంప్యూటర్ సైన్స్ అన్న గడి మాత్రం లేదు. అక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఏమైనా మెరుగా అని చూస్తే, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, వాటిలో స్కూల్ అసిస్టెంట్లు 7,725. కంప్యూటర్ సైన్స్ అక్కడా సున్నాయే. రాష్ట్రం విడిపోయినప్పుడు నీళ్లు, ఉద్యోగులు, అప్పులు పంచుకోవడానికి ఎన్ని కొట్లాటలో చూశాం. ఈ సున్నాను మాత్రం చప్పుడు లేకుండా చెరిసగం పంచుకున్నారు.

మన ఊరికి అదనంగా ఇంకో చిక్కుంది. నగరం ఒకటే, 2021 నుంచి జిల్లాల పేర్లు హన్మకొండ, వరంగల్. డీఎస్సీకి స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ ఎక్కువేళ్లు చదివారన్న దానిమీద తేలుతుంది. చిన్నప్పుడు భద్రకాళి చెరువుకు ఏ పక్కన బడికి పోయాడో అభ్యర్థి సర్టిఫికెట్లు తవ్వి తేల్చుకోవాలి. లేని పోస్టుకు స్థానికుడైతేనేం, కాకపోతేనేం అనకండి. లెక్కల పోస్టుకైనా కావాలి కదా.

‘పోస్టు లేకుంటే ట్రైనింగు ఎట్లిస్తరు బిడ్డా, ట్రైనింగైనోళ్లు లేకుంటే పోస్టు ఎట్లిస్తరు?’ అని పెద్దమనుషులు అడుగుతారు. ప్రశ్న బాగుంది. అయితే డ్రాయింగు, టైలరింగు టీచర్ల సంగతి ఏమిటి? టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షలున్నాయి, లోయరు, హయ్యరు. వేసవి సెలవుల్లో 42 రోజుల టీటీసీ శిక్షణ ఉంది. కాజాలు కుట్టడం ఎలా నేర్పాలో నేర్పడానికి మనకు దశాబ్దాలుగా ఏర్పాటుంది, నేనందుకు గర్వపడుతున్నాను. కోడు రాయడం నేర్పేవాడికి ఆ 42 రోజులు కూడా దొరకలేదు. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం ఆరో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ అంది. పిల్లలు సిద్ధంగానే ఉన్నారు.

ఇదేమీ కొత్త కథ కాదు. 1984-85లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం పెట్టి బీబీసీ మైక్రో కంప్యూటర్లను బడులకు దింపింది. పాఠం చెప్పడానికి ఉన్న టీచర్లకే కాస్త శిక్షణ ఇచ్చి సరిపెట్టింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లలో ల్యాబులు వెలిశాయి. ప్రైవేటు కంపెనీలు కట్టాలి, ఐదేళ్లు నడపాలి, తర్వాత సర్కారుకు అప్పగించి పోవాలి. ఇన్‌స్ట్రక్టర్లను పెట్టుకున్నదీ కంపెనీలే. ఐదేళ్లు నిండాయి. కంప్యూటర్లను అప్పగించారు. ఇన్‌స్ట్రక్టర్లను అప్పగించాలని ఒప్పందంలో లేదు, వాళ్లు ఇళ్లకు పోయారు. ఆ తర్వాత కంప్యూటర్లకు ఏమైందో అటెండరు ఇందాకే చెప్పాడు. 2025లో మళ్లీ ఐసీటీ ఇన్‌స్ట్రక్టర్లంటూ మాట వినిపించింది. మళ్లీ ఔట్‌సోర్సింగే. పీరియడు బడిది, మనిషి ఏజెన్సీది.

మరి కంప్యూటర్ సార్లు లేరా అంటే, ఎందుకు లేరు, ప్రతి ప్రైవేటు బడిలో ఉన్నారు. పొద్దున ఫీజు రసీదులు కొట్టేది ఆయనే. తల్లిదండ్రులకు ‘మీ బాబు ఈరోజు రాలేదు’ అని మెసేజి పంపేది ఆయనే, బాబు తన ముందే కూర్చుని ఉన్నా సరే. యూడైస్ వివరాలు, అపార్ నంబర్లు, టెన్త్ నామినల్ రోల్స్, వార్షికోత్సవం ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీలో కరస్పాండెంటు గారి ముఖానికి తెల్లరంగు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ‘సార్, జర గీ ప్రింటర్ సూడుండ్రి’ అన్న పిలుపు రాకుండా ఆయన ఏ పీరియడూ పూర్తి చేసి ఎరగడు. ప్రింటరు సర్దేసరికి బెల్లు కొడతారు. పిల్లలకు పెయింట్‌లో ఇల్లు, ఇంటి వెనక రెండు కొండలు గీయడం వరకు వస్తుంది. సర్కారు బడిలోనైతే ఇదే చాకిరీ లెక్కల సారు మెడకు చుట్టుకుంటుంది. ఏదో ఒక యాప్‌లో హాజరు పడదు, ఏదో ఒక పోర్టల్ తెరుచుకోదు, స్టాఫ్‌రూమంతా ఆయన వైపే చూస్తుంది. బీసీఏ చదివి లెక్కల సారైన మనవాడి చదువు చివరికి అక్కరకొచ్చేది ఇక్కడే.

కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ కంప్యూటర్ సైన్స్ అనే పోస్టు ఎప్పటి నుంచో ఉంది, అదీ పదకొండు, పన్నెండు తరగతులకు. కేరళలో పదో తరగతి పరీక్షల్లో ఐటీ ఒక సబ్జెక్టు. అక్కడా ప్రత్యేక టీచరు కంటే ఉన్న టీచర్లకు గట్టి శిక్షణనే నమ్ముకున్నారు, కానీ ఇన్నేళ్లూ విడవకుండా ఇస్తూ వచ్చారు. వాళ్లు ఒక దారి పట్టారు. మనం ఏ దారీ పట్టలేదు, ల్యాబుకు తాళం మాత్రం వేశాం.

చిత్రం ఏమిటంటే ఇదంతా జరుగుతున్నది వరంగల్‌లో. 1959లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిన ఇంజినీరింగ్ కాలేజీ ఈవేళ ఎన్‌ఐటీ. దాని కంప్యూటర్ సైన్స్ సీటు కోసం దేశమంతా పోటీ పడుతుంది. 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచారు. ఊళ్లో ఒకచోట ప్రోగ్రామర్లను తయారుచేసే కార్ఖానా, ఇంకోచోట వాళ్లకు కొలువులిచ్చే ఆఫీసులు. నడుమనున్న హైస్కూలు పిల్లకు కంప్యూటర్ పరిచయం చేసేది థర్మకోల్ ముక్క. అమెరికా నుంచి సెలవులకొచ్చిన మన ఎన్నారై అన్నలు చదువుకున్న బడికి నాలుగు ల్యాప్‌టాపులు ఇచ్చి, శాలువా కప్పించుకుని, ఫొటో దిగి పోతారు. వాళ్లకూ చేతులెత్తి ఒక విన్నపం: ఈసారి ల్యాప్‌టాపు వద్దన్నా, నాలుగు రోజులుండి పాఠం చెప్పిపోండి.

ఈ వ్యవహారం మొత్తానికి కావాల్సినవి రెండే రెండు గీతలు. ఎడ్‌సెట్ మెథడాలజీల జాబితా కింద ఒకటి, డీఎస్సీ పోస్టుల పట్టికలో ఒకటి. విద్యాశాఖ వారికి పెన్ను లేకపోతే చందాలేసి కొనిస్తాం. అవి పడేదాకా, ఇంట్లో బీసీఏ పిల్లలున్నవాళ్లు ఈ సలహా రాసి పెట్టుకోండి: ఎడ్‌సెట్ నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు చేయించండి, లెక్కల మెథడాలజీ పెట్టించండి, ఇంటర్ లెక్కల పుస్తకాలు పాత పేపర్లవాడికి వేయకండి. టెట్‌లో వృక్షశాస్త్రం కూడా ఉంటుంది, మరిచిపోవద్దు.