నా గీతల్లో లేని మాట

నన్ను వీడియో ఈఈజీ అంటారు. హైదరాబాదులోని ఓ ఆసుపత్రిలో నా బతుకు. మెదడు పైపొరల్లో పుట్టే మైక్రోవోల్టుల విద్యుత్తును గీతలుగా గీస్తాను, మంచం మీది మనిషిని కెమెరాతో కనిపెట్టుకుని ఉంటాను. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల నుంచి ఈ గీతలు తీశాడు. మా వంశం అక్కడ మొదలైంది.

మొన్న వేసవిలో నల్లగొండ వైపు నుంచి డిగ్రీ చదివే పిల్ల ఒకతి వచ్చింది. నాలుగేళ్లుగా ఫిట్స్. రెండు రకాల మాత్రలు, వాటితో పగలంతా మత్తు. పడిపోయినప్పుడల్లా చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లట. టెక్నీషియన్ దువ్వెన కొసతో ఆమె జుట్టు పాయలు తీసి, గరుకు పేస్టుతో చర్మం రుద్ది, ఒక్కో ఎలక్ట్రోడ్‌నూ అంటించి, పైన గాజుగుడ్డ చుట్టాడు. "ఫిట్స్ రాంగనే ఇది నొక్కమ్మా" అని తల్లి చేతికి బటన్ ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం తల్లి నొక్కింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. తల అటూ ఇటూ ఊగుతోంది, కాళ్లూ చేతులూ ఆగి ఆగి కొట్టుకుంటున్నాయి. నా తెర నిండా కండరాల గజిబిజి. కుదుపు ఆగిన ఒక్క క్షణంలో మాత్రం తల వెనక వైపు నుంచి సెకనుకు పది చొప్పున నున్నటి అలలు వచ్చాయి. ఆల్ఫా లయ అది. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్న మెదడులో వచ్చేది. మూర్ఛే అయితే, ఒళ్లంతా ఇలా కొట్టుకునేటప్పుడు మొనదేలిన అలలు వరసకట్టేవి, ఆగాక గీతలు మందగించేవి. ఇక్కడ ఆ రెండూ లేవు.

మేనమామ తెర వైపు చూసి "అంటే ఏం లేదన్నట్టే గదా. అంతా నాటకాలు" అన్నాడు. ఆ మాట నా గీతల్లో ఎక్కడుంది? ఇది మూర్ఛ కాదన్నంత వరకే నేను చెప్పాను. ఆ పిల్ల బాధ అబద్ధమని నేను చెప్పలేదు.

మనిషి తనంతట తాను వేలు కదిపే ముందు, సెకను ముందుగానే, ఈఈజీలో ఓ నెమ్మది అల లేస్తుందని జర్మనీలో కోర్న్‌హూబర్, డీకే 1965లో ప్రచురించారు. తమ ప్రమేయం లేకుండానే ఒళ్లు కుదుపుతోందని చెప్పే, ఫంక్షనల్ (మెదడు పనితీరులో తేడా వల్ల వచ్చే) జబ్బున్నవాళ్లలోనూ చాలామందికి, కుదుపుకు ముందు ఆ అల కనిపించింది. అంటే మెదడే కదలికను సిద్ధం చేస్తోంది, కానీ తాను చేశానన్న ఎరుక మనిషికి అందడం లేదు. అమెరికాలోని బెథెస్డాలో వలేరీ వూన్, మార్క్ హాలెట్ బృందం ఇలాంటి ఫంక్షనల్ వణుకున్న కొద్దిమందిని ఎంఆర్ఐలో పడుకోబెట్టి, వణుకు దానంతటది వచ్చినప్పుడూ, అదే వణుకును వాళ్లు కావాలని అనుకరించినప్పుడూ చూసింది. ఫలితం 2010లో వచ్చింది. దానంతటది వచ్చిన వణుకులో, మెదడు కుడివైపు టెంపోరల్, పరైటల్ భాగాలు కలిసేచోట చురుకు తక్కువ. జరగబోయే కదలిక గురించిన అంచనానూ ఒంటి నుంచి వచ్చే కబురునూ పోల్చి చూసుకోవడంలో పాలుపంచుకునే చోటు అది. అదే మనిషి, అదే చెయ్యి. మెదడు పనితీరు మాత్రం వేరు. నాటకమైతే ఈ తేడా ఎందుకుండాలి? ఫిట్స్‌లో ఇలా చూడటం ఇంకా కష్టం, కొట్టుకునే తలకు ఎంఆర్ఐలో బొమ్మ కుదరదు.

వైద్యమూ అంత తేలిక కాదు. బ్రిటన్‌లో ఇలాంటి ఫిట్స్ ఉన్న 368 మందితో చేసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, మామూలు వైద్యానికి తోడు మాటలతో చేసే చికిత్స ఇచ్చినా, ఏడాది తిరిగేసరికి ఫిట్స్ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజువారీ బతుకు మాత్రం కొంత తేలికపడింది. నాకది చిన్న విషయంగా అనిపించదు.

సాయంత్రం డాక్టరమ్మ తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి రికార్డింగు చూపించింది. పిల్ల చాలాసేపు తెర చూసి, "మేడం, నేను కావాలని చేస్తలేను గదా?" అని అడిగింది. నాలుగేళ్లు అందరూ అంటూ ఉంటే, తన మీద తనకే అనుమానం పట్టుకుంది.

"లేదమ్మా. ఇది నిజమైన జబ్బే, పేరు వేరంతే. మాత్రలు ఒక్కసారే ఆపొద్దు, నేను చెప్పినట్టు మెల్లగా తగ్గిద్దాం. కాలేజీ మానొద్దు. వచ్చేవారం మీ మామయ్యను కూడా తీసుకురా, ఆయనతో నేను మాట్లాడతా."