డైట్ మొదలుపెట్టేవాళ్లకు తలకిందుల సలహాలు

మొట్టమొదటిది: సోమవారం నుంచి డైట్ మొదలుపెట్టకండి. మొదలుపెట్టే రోజున్న పనికి మానేసే రోజు కూడా ఉంటుంది. డోర్నకల్‌లో మా ఇంట్లోనే మూడుసార్లు జరిగింది. ఒకసారి ఉప్పూ నూనె మానేశాం. ఒకసారి రోజుకు డెబ్భై గ్రాముల కొబ్బరినూనె తాగాం. మరోసారి కొర్రలు, అరికెలు, సామలు తప్ప ముట్టలేదు. ఏదీ మూడు నెలలు దాటలేదు. మూడుసార్లూ ఆ బరువు మోసింది అమ్మ.

అందుకే రెండో సలహా: ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో ఎవరిచేతా ఏదీ వండించకండి. ముందు మీరు వండండి. జొన్నరొట్టె తేలికని చెప్పేవాళ్లు ఒక్కసారి చేసి చూడాలి. మరిగే నీళ్లు పిండిలో పోసి, చెయ్యి కాలుతుండగానే అరచేత్తో పిసకాలి. పొడిపిండి చల్లుకుంటూ అంచు పగలకుండా తట్టాలి. పెనం మీద వేశాక తడి చేత్తో పైన నిమరాలి. నీళ్లు సరిగ్గా కాగకపోతే ఎత్తబోయేసరికే విరిగిపోతుంది. నాయినకు రొట్టెలు, పిల్లలకు అన్నం, నాకు నూనె లేని కూర. మోకాళ్ల నొప్పులతో అమ్మ రోజూ రాత్రి ఒకే పొయ్యి మీద ఈ మూడూ చేసింది. నాకు బరువు తగ్గుతున్నదన్న సంతోషంలో ఆ సంగతి కనబడలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అన్నం మానకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలు, జొన్నల్లో 334, కొర్రల్లో 331. తేడా అంతే. జొన్న గొప్పదనం పీచులో ఉంది: బియ్యంలో మూడు గ్రాములు కూడా లేని పీచు జొన్నల్లో పది గ్రాములుంటుంది. రెండు రొట్టెలతో కడుపు నిండేది అందుకే. నాలుగు తిని, జొన్నలే కదా అనుకుంటే లాభం లేదు.

అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండువేల కేలరీలు తినే మనిషికి రోజుకు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు అన్నారు. 2025 నుంచి మన తెలంగాణ రేషన్ దుకాణంలో ఇస్తున్న సన్నబియ్యం నెలకు మనిషికి ఆరు కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. ఆ లెక్కలోపే ఉంది. కాబట్టి తప్పు బియ్యానిది కాదు. కుప్పంత అన్నానికి అంచున పిడికెడు కూర పెట్టుకునే మన పళ్లానిది. డైట్ పేరుతో కొత్త ప్యాకెట్లు కొనే డబ్బులతో సంతలో ఇంకో రెండు కట్టల తోటకూర, ఇంట్లోకి ఇంకో కిలో పెసరపప్పు తెచ్చుకోండి.

పెద్దలు తిన్నారు కాబట్టి మంచిదన్న మాటను నమ్మకండి. మా నానమ్మ చిన్నప్పుడు రోజూ జొన్న గట్కే. వరన్నం పండుగకే. గట్క తినే మీరంతా సన్నగా ఉన్నారు కదా అంటే ఆమె అన్నది: “గట్క మహిమ గాదు బిడ్డా, కడుపు నిండకపోయేది. పొద్దంత నాట్లేసేటోళ్లం.” ఆ ఆకలిని ఆరోగ్య రహస్యమని చెప్పుకోవడం నాకు తప్పనిపిస్తుంది.

రోజూ బరువు చూసుకోకండి. పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే మొదటి వారం పోయేది ఎక్కువగా నీరే. శరీరం దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లుంటాయి. ఆ తగ్గుదల చూసే మేం మూడుసార్లూ నమ్మాం.

పెండ్లికి పోతే తినండి. ఒక్క పూటతో ఏమీ కాదు.

ఇది మాత్రం చేతులు జోడించి చెబుతున్నా: ఏ తిండి మార్చినా షుగర్ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. మా మేనమామ ఎవరో చెప్పారని ఆపేసి, పది రోజుల తర్వాత బావి దగ్గర కళ్లు తిరిగి పడ్డాడు. తిండి మారితే మందు మోతాదు మారవచ్చు, కానీ అది డాక్టర్ రక్తపరీక్ష చూసి చెప్పాల్సిన మాట.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రికి అందరికీ ఒకటే వంట. వారానికి రెండుసార్లు రొట్టెలు, ఆ రోజుల్లో తట్టేది నేనే. అమ్మ గడప దగ్గర పీట మీద కూచుని, పొయ్యివైపు చూడకుండానే అంటుంది: “నీళ్లు ఇంక కాగలే, ఆగు.”