గుడారస్థల నిర్ణయాధికారివారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ గుడారస్థల నిర్ణయాధికారివారి సముఖమునకు భాగ్యనగర వాస్తవ్యుడైన ఒక గృహస్థుడు చేయు విన్నపములు.

అయ్యా,

తమ పదవి ఇంతవరకు ఏ ప్రభుత్వముచేతను సృష్టింపబడలేదని నేనెరుగనివాడను కాను. అయినను లేని అధికారికి లేఖ వ్రాయుటయందొక సౌలభ్యము కలదు. అర్జీ ఏ బల్లమీద పండుకొనియున్నదో విచారించుటకై మెట్లెక్కి దిగు శ్రమ లేదు. దొరవారు క్యాంపునకు వెళ్ళియున్నారని బంట్రోతు చెప్పుటకును వీలులేదు.

పైగా ఇది క్రొత్త పదవి కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున పదియవ అధికరణమును సేన విడియుటకు స్థలమేర్పరచు ప్రకరణముతోనే ప్రారంభించెను. వాస్తువిదులు మెచ్చిన నేలను నాయకుడును, వర్ధకియు, మౌహూర్తికుడును కలిసి కొలిపింపవలెననియు, దానికి నాలుగు ద్వారములు, ఆరు మార్గములు, తొమ్మిది విభాగములు ఉండవలెననియు ఆయన విధించెను. యుద్ధమునకు పోవు రాజునకే ఇందరు నిపుణులు తోడుండగా, శనివారమునాడు భార్యాబిడ్డలను, మామగారిని, నాలుగు దుప్పట్లను, ఒక పులిహోర డబ్బాను చిన్నకారులో సర్దుకొని నగరము విడుచు గృహస్థునకు మాత్రము ఆ మూడు ఉద్యోగములను తానే నిర్వహింపవలసి వచ్చుచున్నది. నాయకత్వము పేరునకే తనది. వడ్రంగము మేకులు దిగగొట్టునంతవరకే వచ్చును. ఇక జ్యోతిషము చేతిలోని ఫోను చెప్పు వర్షసూచన.

స్థలము నగరమునకు దగ్గరగా ఉండవలెనన్నది మా మొదటి కోరిక. కాని ఆ దగ్గరను కొలుచు విధమునందే మా దురవస్థయంతయు నున్నది. ప్రకటనలు వ్రాయువారి దూరము నగరపు పొలిమేర దాటిన తరువాతగాని మొదలుకాదు. ఉప్పలులోనో వనస్థలిపురములోనో కాపురముండువాడు పడమటి గుట్టలకు పోవలెనన్న, నగరమును అడ్డముగా చీల్చుకొనియైనను పోవలెను, 158 కిలోమీటర్ల ఔటరు రింగురోడ్డులో పెద్దభాగమును చుట్టియైనను పోవలెను. ఆ పాట్లు ఏ ప్రకటనలోను కానరావు. కావున తాము దూరమును కిలోమీటర్లలోగాక వెలుతురులో కొలిపింపవలెనని నా మనవి. డిసెంబరు మాసమున ఇచ్చట సూర్యుడు ఆరు గంటలకు ముందే అస్తమించును. నేల వాలు చూచుటకు, రాళ్ళేరుటకు, గుడారమెత్తుటకు, నీళ్ళు తెచ్చుకొనుటకు, ఎత్తిన గుడారము కూలగా మరల ఎత్తుటకు రెండు గంటల పగలు మిగిలియుండవలెను. శనివారము భోజనము చేసి బయలుదేరిన సంసారి ఆ రెండు గంటలను చేతనుంచుకొని చేరగలిగిన చోటే దగ్గరి చోటు. తక్కినవన్నియు యాత్రాస్థలములు; వానికి సెలవుచీటీ కావలెను.

ఈ కొలతతో చూచినప్పుడు నూటయాభై కిలోమీటర్ల నాగార్జునసాగరము తనంతట తానే తొలగిపోవును. శ్రీశైలము దారిలోని అమ్రాబాదు అడవి అంతకన్న మనోహరమేగాని, అది పెద్దపులుల నివాసము. రాత్రి 9 మొదలు ఉదయము 6 వరకు ఆ మార్గమున వాహనములనే పోనీయరు. మృగములు నిర్భయముగా దారి దాటుటకై చేసిన ఆ నిబంధనను నేను సర్వాత్మనా సమర్థింతును. భువనగిరి యాభై కిలోమీటర్లే. అయినను అచ్చటి ఏకశిలయగు కొండ పగలంతయు త్రాగిన ఎండను రాత్రివేళ కక్కుచుండును. మేకు దిగుటకు మన్నైనను లేదు.

మిగిలినది అనంతగిరి. వికారాబాదు చెంతనున్న ఆ గుట్టలు నగరమునకు సుమారు 80 కిలోమీటర్లు. చేవెళ్ళ మీదుగా పోవు ఆ దారికిరువైపుల ఊడలు దింపిన మర్రులు వందలకొలది నిలిచియున్నవి. రోడ్డును వెడల్పు చేయుటకై వానిని కొట్టవలెనా నిలుపవలెనా యన్న తగవు హరిత ట్రిబ్యునలు దాక పోయినది. ఆ నీడలో ఒకసారి ప్రయాణము చేసినవాడెవ్వడును కొట్టుమని సాక్ష్యము చెప్పజాలడు. కారులేనివారికి రైలున్నది, వికారాబాదు జంక్షను. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము తగిలినచో ఊరును, వైద్యుడును కొండ దిగువనే యున్నారు. గుడారవాసమును గూర్చి సాహసగాథలు వ్రాయువారు దీనిని లెక్కచేయరుగాని, సంసారికి ఇదియే ప్రథమ లక్షణము. ఇచ్చటి గాలిని గూర్చి నేను చెప్పనక్కరలేదు, పూర్వులు క్షయరోగుల ఆసుపత్రిని ఈ గుట్టలమీదనే నెలకొల్పిరి. కొండపైన అనంతపద్మనాభస్వామి కొలువైయున్నాడు. ఆరుబయట పవ్వళింపదలచినవారికి శేషశాయి సన్నిధికన్న తగిన తావు వేరొకటి యుండునా? నగరములో ముక్కు మూసికొని మనము వంతెన దాటు మూసీ కూడ పుట్టుట ఇచ్చటనే, టేకుచెట్ల నడుమ, ఏ పాపమునెరుగని సన్నని నీరుగా.

ఇన్ని గుణములుగల చోటునకు దోషమొక్కటే: అది అందరికిని దగ్గర. శనివారము సాయంకాలమునకు అడవి యంతయు వాహనములతో నిండును. గుట్ట చుట్టుపట్ల తోటలలో గుడారములు వరుసలు తీరును. ప్రతి వరుసకును ఒక డి.జె., ప్రతి డి.జె.కును ఎదుటివాని డి.జె.తో స్పర్ధ. నగరపు రొద భరింపలేక పారిపోయి వచ్చినవారు ఆ రొదనే కారు డిక్కీలో వెంటబెట్టుకొని వత్తురు. పొట్లములకు మరిగిన కోతులు తెల్లవారకముందే తనిఖీకి దిగును. మామగారి కళ్ళజోడు వాని పాలైనచో విడిపించుటకు అరటిపండ్ల బేరము తప్పదు.

తమరు పదవి స్వీకరించిన పిమ్మట మొట్టమొదట చూడవలసినది నేల. క్రొత్తవారి కన్ను ముందుగా వాగు ఇసుకమీదనే పడును. అది చదును, మెత్తన, రాయి లేదు. ఎగువన వాన కురిసినచో ఆ శయ్య ఏమగునో మన నగరమునకు తెలియనిది కాదు. 1908 సెప్టెంబరు 28న ఈ మూసీయే పొంగి నగరమును ముంచినప్పుడు, అఫ్జల్‌గంజిలోని ఒక చింతచెట్టునెక్కి నూటయాభైమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ సంవత్సరముననే లండనులో హోల్డింగు అను దర్జీ గుడారవాసులకొక మార్గదర్శక గ్రంథమును ప్రకటించుట యాదృచ్ఛికమేగాని, నాకు తలచినప్పుడెల్ల వింతగా తోచును: అచ్చట వినోదమునకు గుడారమెట్లెత్తవలెనో బోధించుచుండగా, ఇచ్చట ఇల్లు పోయినవారు తలదాచుకొను చోటు వెదకుకొనుచుండిరి. వాగులందెల్ల ఎర్రజెండాలు పాతింపుడు.

రెండవది చెట్టు. మనము నీడకై చెట్టు మొదటిదాక కారు తోలుదుము. అమెరికాలో మైనెకె అను వృక్షరోగ శాస్త్రవేత్త మహావృక్షములేల క్షీణించుచున్నవని పరిశీలించి, యాత్రికుల పాదములును, కారు చక్రములును నేలను గట్టిపరచి వేళ్ళను చంపుచున్నవని కనుగొనెను. 1932లో ఆయన చెప్పిన చికిత్స మిక్కిలి సులభమైనది. ఒకవైపు మాత్రమే పోవు సన్నని బాట, దానినుండి చీలిన మూలలలో కారునకొక చోటు, గుడారమునకొక చోటు, పొయ్యికొక చోటు, కదలింపరాని బల్ల. చక్రములు అడవిలోనికి పోకుండ అడ్డముగా బండలు. ఆ దేశపు గుడారస్థలములు నేటికిని చాలవరకు ఈ తీరుననే యున్నవి. కౌటిల్యుని నాలుగు ద్వారములును, ఆరు మార్గములును చదివిన మనకు ఇందులో పరాయిదనిపించునది ఏదియులేదు. బండలకు తెలంగాణమున కొరతయు లేదు.

ఎంత చక్కగా అమర్చినను నేల అలసిపోవును. పాండవులు ద్వైతవనమున నివసించుచుండగా, ఒకరాత్రి వారి వేటలో చావగా మిగిలిన లేళ్ళు ధర్మరాజునకు కలలో కనబడి, తమ కులము బీజప్రాయమైనదనియు, వేరొకచోటికి తరలిపొమ్మనియు ప్రార్థించెనని భారతము చెప్పుచున్నది. ఆయన మరునాడు తమ్ములతో ఆలోచించి కామ్యకవనమునకు మరలిపోయెను. అడవిని అనుభవించువాడు అడవి మాట విన్న ఘట్టము ఇంత స్పష్టముగా మరియొకటి నాకు తోచదు. మన కలలలోనికి లేళ్ళు రావు, వచ్చినను డి.జె. చప్పుడులో వాని మాట వినబడదు. కావున ప్రతి స్థలమును వంతులవారీగా కొంతకాలము మూయించు భారము తమదే. ముఖ్యముగా ఫిబ్రవరి మొదలు తొలకరివరకు గుట్టలన్నియు ఎండుటాకులతో నిండియుండును. అప్పుడు క్యాంపుఫైరు పేరిట రగిల్చిన మంట మన చేతిలో నుండదు. ఆ నెలలలో మంటను పూర్తిగా నిషేధింపుడు. పులిహోరకు పొయ్యి అక్కరలేదు.

మరుగుదొడ్లను గూర్చి మర్యాదకొరకు చివర వ్రాయుచున్నానుగాని, నిజమునకు మొదట వ్రాయవలసినది అదియే. సూర్యోదయ దృశ్యమును ఎన్ని ఛాయాచిత్రములతో వర్ణించినను, శుభ్రమైన నీటివసతితో ఒక దొడ్డిలేనిచోటికి మా ఇంటి ఆడవారు రారు. రానక్కరలేదని నా నిశ్చితాభిప్రాయము. వారు రానిచోటు నలుగురు మిత్రుల సీసాల సభయగునుగాని కుటుంబపు విడిది కాజాలదు.

ఇంతకును నేను కోరునది అడవిలో మేడలు కాదు. గుడారముల సంఖ్యకొక హద్దు, అది నిండినంతనే వేయబడు గేటు, ముందుగా చోటు కేటాయించుకొనుటకొక కిటికీ, రాత్రి పది దాటినచో పాట పెట్టినవానిని గుడారముతో సహా సాగనంపు ఒక కావలివాడు. ఈ నాలుగు పనులు చేయుటకు పదవి సృష్టింపనక్కరలేదని ఎవరైనను అనవచ్చును. అట్లయినచో ఉన్న అధికారులలో ఎవరో ఒకరు ఈ లేఖను తమదిగా భావించి అందుకొనినను నాకభ్యంతరము లేదు. వానలు వెనుకబట్టి గుట్టలు ఇంకను పచ్చగానుండు దసరా సెలవులలోనే జనము బయలుదేరుదురు. ఆలోగా అనంతగిరి గుట్టలలో ఒక్కచోటనైనను ఈ ఏర్పాట్లు చేయింప ప్రార్థన.

ఇట్లు,
తమ ఉత్తర్వునకై ఎదురుచూచు ఒక గృహస్థుడు.